ముగ్గురి జేబుల్లో ఒక కంప్యూటరు

చదువుగది, బేకరీ పైన

కంప్యూటరు కంపెనీవారి షోరూంలో కొలువుతీరిన బావగారికి,

మీరు అని రాస్తున్నాను. గౌరవం పెరిగిందనుకోకండి, దూరం పెరిగింది. ఫోన్ చేద్దామంటే పోయినసారి మన మాటలు ఎలా తెగిపోయాయో పక్కనే ఉన్న అక్కకి తెలుసు. మిమ్మల్ని అమ్ముడుపోయిన మనిషి అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవడం లేదు. దాన్ని అక్కడే ఉంచి, పక్కన ఈ ఉత్తరం పెడుతున్నాను.

మీరు ఈ గదిలో ఉన్న రోజుల్లో పాత సామాన్లు ఏరుకొచ్చి బిగించిన కంప్యూటరు చచ్చింది. పూర్తిగా చచ్చినా బాగుండేది. బటన్ నొక్కితే లోపల ఫ్యాను తిరుగుతుంది, ముందు దీపం వెలుగుతుంది, తెర మాత్రం అమావాస్య. మన చదువుగది పాత కమిటీలాగా చప్పుడుకి లోటు లేదు, కనిపించేదేమీ లేదు.

ఇది నా సరదా కోసమైతే మీకు రాసేవాణ్ణి కాదు. టైలరు చెల్లెలు ఒకామె మా గదికి వస్తోంది, మీరు వెళ్ళాక చేరింది. ప్యాకింగ్ షెడ్డులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి డబ్బాలకు మూతలు బిగించే పని. పిక్కల మీద నరాలు తాళ్ళలా తేలాయి. ఇక నిలబడొద్దని డాక్టరు అన్నాడు. నిలబడలేనివాళ్ళు ఇంటికి పోవచ్చని షెడ్డు మేనేజరు అన్నాడు. పక్కనే తూకం ఆఫీసులో ఒక కుర్చీ ఖాళీ అయింది. దానికి టైపింగ్ పరీక్ష, వచ్చే నెలాఖరున. గెలిస్తే కుర్చీ, లేకపోతే వీధి. రోజూ పని దిగి వచ్చి, ఒక వేలితో మొదలుపెట్టి ఇప్పుడు పది వేళ్ళతో కొడుతోంది. షెడ్డులో ఆడవాళ్ళు వెటకారంగా ఆమెకి ఆఫీసరమ్మ అని పేరు పెట్టారు. మేమూ అలాగే పిలుస్తున్నాం, వెటకారం తీసేసి.

ఇందులో కుట్ర ఉందని నా అనుమానం. టైలరు మా కమిటీలో ఉన్నాడు కాని వాడికి మా పద్ధతులంటే గిట్టదు. రాత్రిళ్ళు చెల్లెలు వాడికి గుండీలు కుట్టిపెడుతుంది. ఆమె ఆఫీసుకి పోతే ఆ గుండీలు ఎవరు కుడతారు? ఆలోచించండి.

బావగా కాదు, ఆ డబ్బా బిగించినవాడిగా జవాబు రాయండి.

ఇట్లు,
ఇంకా అమ్ముడుపోని మీ బావమరిది

*

షోరూం వెనక గది, అట్టపెట్టెల మధ్య

నన్ను 'నువ్వు' నుంచి 'మీరు'లోకి బహిష్కరించిన బావమరిదికి,

నీ ఉత్తరం మీ అక్క పైకి చదివింది. 'మీరు' దగ్గర ఆగి, ఊపిరాడక నవ్వి, మళ్ళీ చదివింది. వినడానికి బాగానే ఉంది, అలాగే కానియ్.

సరే, పనిలోకి వద్దాం. ముందు తిట్లు ఆపి వెనక్కి వెళ్ళు. రాజకీయాల్లో కాదు, డబ్బా వెనక్కి. మానిటరు తీగ రెండు చివరలా ఊడదీసి మళ్ళీ గట్టిగా బిగించు. అలాంటి తీగల్ని ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోరు, వాటంతటవే వదులవుతాయి. తర్వాత మానిటరు కింద దీపం ఏ రంగులో ఉందో చూడు. ఆరిపోయి ఉంటే దానికి కరెంటే రావడం లేదు. నారింజ రంగులో ఉంటే అది మేలుకునే ఉంది, డబ్బా దానితో మాట్లాడటం లేదు. మాట్లాడుకోకపోవడం నీకు తెలిసిన విద్యే, విడమరచి చెప్పక్కర్లేదు. ఇంకెవరిదైనా మానిటరు కాసేపు తెచ్చి తగిలించి చూడు. అన్నిటికన్నా ముఖ్యం, బటన్ నొక్కాక నోరు మూసుకుని విను. నీకు కష్టమని తెలుసు. లోపల్నుంచి కూత వస్తుందా, వస్తే ఎన్నిసార్లు, పొడుగ్గానా పొట్టిగానా, రాయి.

టైలరు సంగతి తర్వాత. గుండీల కోసం కంప్యూటరు చంపేవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మీ బావ

(కింద మీ అక్క రాస్తున్నాను. ఒరే, ఎప్పుడూ లేనిది ఈయన ఇవాళ భోంచేస్తూ వేలితో కంచంలో మదర్‌బోర్డు బొమ్మ గీశారు. తొందరగా జవాబు రాయి.)

*

చదువుగది

షోరూం బావగారికి,

మీరు చెప్పినవన్నీ చేశాను. ఆజ్ఞ అని చేయలేదు, అవసరమని చేశాను.

తీగ వదులు కాలేదు. దాన్ని రోజూ గట్టిగానే బిగిస్తున్నాం. ఎందుకు రోజూ అంటే, అది మా అంతర్గత వ్యవహారం. దీపం నారింజ రంగు. కింద బేకరీలో బిల్లులు కొట్టే మానిటరు బతిమాలి తెచ్చి తగిలించాం. అదీ నల్లగానే ఉంది. ఈలోగా కింద బన్నుల కోసం వచ్చినవాళ్ళు బిల్లు లేదని గొడవ చేశారు. చదువు కోసం పది నిమిషాలు ఆగలేని జనం బన్ను కోసం మాత్రం ఎంతసేపైనా గొడవ చేస్తారు.

కూత వస్తోంది. పొడుగ్గా మూడుసార్లు, ఆగి మళ్ళీ మూడుసార్లు. ఇన్నాళ్ళూ దాన్ని మేం బేకరీ పొయ్యి గంట అనుకున్నాం. అది మోగినప్పుడల్లా బేకరీ పెద్దాయన పాపం కిందకి పరిగెత్తి, కాలని రొట్టెలు బయటికి తీశాడు. వీధంతా పచ్చి రొట్టెలు తింది.

మీకు రాసే ముందే బజారులో ఒక రిపేరు షాపుకి మోసుకెళ్ళాను. షాపువాడు మూత విప్పలేదు, స్క్రూ కూడా ముట్టుకోలేదు. డబ్బా మీద వేలితో తట్టి, "బోర్డు పోయింది తమ్ముడూ, ఇది పారేసి కొత్తది తీసుకో" అన్నాడు. పుచ్చకాయ కొనేవాడైనా అంతకన్నా శ్రద్ధగా తడతాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగితే గోడ మీద ఒక కంపెనీ బొమ్మ చూపించాడు. మీ షోరూం మీదున్న బొమ్మే. మీ జాతి అంతా ఒకటే.

ఆఫీసరమ్మ రోజూ వచ్చి ఆ చచ్చిన తెర ముందే కూర్చుని కీబోర్డు మీద కొడుతోంది. "తప్పులు కనపడవు కదా" అంటే, "షెడ్డులో కూడా అంతే బాబూ, మూత వంకరపోయినా తర్వాతెప్పుడో తెలుస్తుంది" అంది.

టైలరు మీద విచారణ పెట్టాం.

ఇట్లు,
మీ బావమరిది

*

షోరూం వెనక గది

విచారణాధికారి గారికి,

నేనూ 'మీరు' అనొచ్చు కదా అని చూశాను. నోరు తిరగలేదు. నువ్వే.

కూత వినగానే సగం పని అయిపోయింది. ఆ బోర్డు నేను బిగించింది, దాని ఏడుపు నాకు తెలుసు. ర్యామ్ కనపడనప్పుడు అలా మూడుసార్లు పొడుగ్గా కూస్తుంది. మూత విప్పితే జానెడు కన్నా చిన్న పచ్చ పలక నిలువుగా గుచ్చి ఉంటుంది, కింది అంచున బంగారు రంగు పళ్ళు. అదే ర్యామ్. బోర్డుకి ఆ పళ్ళు తగలకపోతే తెర వెలగదు.

ప్లగ్గు పీకేసి, ఒంటి మీది చిటపట కరెంటు దిగిపోయేలా డబ్బా ఇనుము మీద ఒకసారి చెయ్యి ఆనించి, ఆ పలకని తియ్యి. బడిపిల్లలు పెన్సిలు గీతలు చెరుపుకునే రబ్బరుతో ఆ పళ్ళని రెండు వైపులా మెల్లగా రుద్దు. పొడి గుడ్డతో తుడిచి, రెండు పక్కలా కొక్కేలు టక్కుమనేదాకా నొక్కు. అంతే, ఇంకేమీ చేయకు.

ఇప్పుడు నా ప్రశ్న. ఆ పలక కాళ్ళొచ్చి నడిచేది కాదు. నేను గుచ్చినప్పుడు కొక్కేలు పడ్డాయి. ఎవరూ కదపకపోతే అది పదేళ్ళు అలాగే కూర్చుంటుంది. ఎవరు కదిపారు? ఎందుకు కదిపారు? నువ్వేదో దాస్తున్నావు. చిన్నప్పుడు కూడా ఇంతే, జామకాయ జేబులో పెట్టుకుని 'అంతర్గత వ్యవహారం' అనేవాడివని మీ అక్క చెబుతోంది.

రబ్బరు రుద్దకుండా ఎవరినీ ఉరితీయకు.

ఇక్కడ సంగతి అడగలేదు కాని చెబుతున్నాను. ఈ షోరూంలో చేరాక నేను ఒక్క డబ్బా మూత విప్పలేదు. ఇక్కడ విప్పడం నేరం. చచ్చినవి వెనక గదికి, కొత్తవి ముందు గదికి. వెనక గదిలో కూర్చుని నీకు రాస్తున్నాను. ఈ చచ్చిన డబ్బాల్లో సగానికి సగం రబ్బరుతో లేచేవే.

మీ బావ

*

చదువుగది

షోరూం బావగారికి,

దాచాల్సిన పని నాకు లేదు. మీకు అర్థం కాదని చెప్పలేదు, అంతే.

ఉమ్మడి ఆస్తి ఒక్కడి చేతిలో పడితే పెత్తనం పుడుతుంది. ఏ కరపత్రం తిరగేసినా మొదటి పేజీలో ఉండే మాట. అందుకని నేనొక నియమం రాశాను. రాత్రి గది మూసేటప్పుడు కంప్యూటరుని ముగ్గురం పంచుకుంటాం. కరెంటు తీగ నా దగ్గర, మానిటరు తీగ టైలరు దగ్గర, ర్యామ్ బేకరీ పెద్దాయన దగ్గర. మర్నాడు ముగ్గురం వస్తేనే అది వెలగాలి. ఒక్కడు దాన్ని ఆడించలేడు, ఇద్దరు కుమ్మక్కైనా ఆడించలేరు. మీ కాలంలో తాళంచెవి మీ ఒక్కరి జేబులోనే ఉండేది, గుర్తుందా?

ర్యామ్ పెద్దాయనకి ఎందుకిచ్చానంటే ఆయన మీద నాకున్న నమ్మకం నా మీద కూడా లేదు. నేను కరపత్రం చదువుతుంటే కళ్ళు మూసుకుని మరీ వింటాడు. టైలరు అలా కాదు. ఈ నియమం తీర్మానం చేసిన రోజే, "రేపు పుస్తకం కూడా మనిషికో పేజీ చింపుకుని పోదామా?" అన్నాడు. అలాంటివాడికి తీగ కన్నా పెద్ద బాధ్యత ఇవ్వకూడదనుకున్నాను.

విచారణలో తేలింది ఇది. కింద పడిన సూదులు ఏరడానికి టైలరు జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతం ఉంటుంది. దాంతోనే రోజూ వచ్చి కంప్యూటరు పక్కన కూర్చునేవాడు. అయస్కాంతం కంప్యూటరుకి విషమని నేనొక చోట చదివాను. ముగ్గురు సభ్యుల్లో ఇద్దరం చేతులెత్తాం. టైలర్ని తీసేశాం. పెద్దాయన కాస్త ఆలస్యంగా ఎత్తాడు, పిలిస్తే ఉలిక్కిపడి.

తీగ అప్పగించమంటే అప్పగించాడు. కొలత టేపులా గుండ్రంగా చుట్టి, తెల్ల దారంతో ముడేసి ఉంది. "ఇదిగో నా పెత్తనం" అని బల్ల మీద పెట్టి పోయాడు. ఆ వెటకారమే చాలదా?

మర్నాటి నుంచి ఆఫీసరమ్మ రావడం మానేసింది. వెళ్ళి పిలిచాను. "అన్న దొంగైతే దొంగ చెల్లెలికి కుర్చీ ఎవరిస్తారు బాబూ" అంది. పరీక్ష ఇంకో రెండు వారాలు కూడా లేదు. అన్న కోసం కుర్చీ వదులుకునే ఈ బానిసత్వం మీద ఒక కరపత్రం రాస్తున్నాను.

మీ రబ్బరు ప్రయోగం చేయలేదు. బడిపిల్లల రబ్బరుతో కంప్యూటరు బాగవుతుందా? నన్ను ఎగతాళి చేయడానికి రాశారని తెలుసు.

ఇట్లు,
మీ బావమరిది

*

షోరూం వెనక గది

ఒరేయ్,

సంబోధన ఇంతకన్నా రావడం లేదు.

ఉమ్మడి కుటుంబంలో పొయ్యి పెద్దకోడలి గదిలో, అగ్గిపెట్టె చిన్నకోడలి కొంగున, గిన్నె అత్తగారి మంచం కింద పెట్టుకుంటే పెత్తనం పోతుంది, నిజమే. తిండి కూడా పోతుంది. నీ నియమం అదే. ముగ్గురూ ఉంటేనే వెలగాలన్నావు, ముగ్గురు ఉన్నా వెలగకుండా చేశావు. ఇంత పక్కాగా పెత్తనాన్ని అంతం చేసినవాణ్ణి నేను చూడలేదు.

ర్యామ్ అంటే ఏమనుకున్నావు, చెవిపోగు అనుకున్నావా రోజూ తీసి పెట్టడానికి? దాన్ని ఏడాదికి ఒకసారి తీయడమే ఎక్కువ.

అయస్కాంతం సంగతి. నువ్వు చదివింది తాతలనాటి ఫ్లాపీల గురించి. సూదులు ఏరే అయస్కాంతం ర్యామ్‌ని ఏమీ చేయదు. దాన్ని తెచ్చి పలక మీద రాత్రంతా పెట్టినా ఏమీ కాదు. నువ్వు తీసేసింది ముగ్గురిలో తన వంతు సామాను బాగా చూసుకున్న ఒకే ఒక్క మనిషిని. దారంతో ముడేశాడన్నావే, అది వెటకారం కాదు, పనిమంతుడి అలవాటు.

కళ్ళు మూసుకుని వింటాడా పెద్దాయన? కోడి కూయకముందు లేచి పిండి పిసికే మనిషిరా ఆయన. నీ కరపత్రానికి నిద్రపోతున్నాడు. ఆ చెయ్యెత్తడం కూడా నిద్రలోదే.

ఇప్పుడు ఒక్క పని చెయ్యి. ఆయన ఆ పలకని ఎక్కడ పెట్టుకుంటాడో అడగకు. వెళ్ళి చూడు. చూశాక రబ్బరు కొను.

మీ బావ

(తమ్ముడూ, ఈసారి నవ్వడం లేదు. పెళ్ళికి ముందు ఆ షెడ్డులో నేనూ నిలబడ్డాను, నీకు గుర్తుండదు, ఆ జీతంతో కొన్న నీ బడి యూనిఫాం గుర్తుంటుంది. సాయంత్రానికి చెప్పుల్లో పాదాలు పట్టవు. చెప్పులు చేతిలో పట్టుకుని నడిచి వచ్చేదాన్ని. బానిసత్వం మీద నువ్వు రాసే కాగితం ఆ మనిషి కాళ్ళ కింద పీటగా కూడా పనికిరాదు. దాన్ని ఆపి కంప్యూటరు సంగతి చూడు.)

*

చదువుగది

బావా,

పెద్దాయన అప్పుడే రొట్టెల పళ్ళెం దించుతున్నాడు. ర్యామ్ ఏదన్నాను. "ఇదిగో బాబూ, ప్రాణంలా చూసుకుంటున్నా" అని ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టాడు. ముందు ఒక చెంచా వచ్చింది, తర్వాత వెన్న కాగితం, తర్వాత పిడికెడు మైదా, ఆ మైదాలోంచి పలక. బంగారు పళ్ళ మీద వెన్న, దాని మీద పిండి, దాని మీద మళ్ళీ వెన్న. ఇంకాస్త వేడి తగిలితే పొంగేది. రోజూ దాన్ని అలాగే తెచ్చి గుచ్చాం. నేనే గుచ్చాను.

"ఇంట్లో పెడితే పిల్లలు ముట్టుకుంటారని ఒంటి మీదే ఉంచుకున్నా" అన్నాడు. ఆయన్ని ఏమనాలి? నువ్వైతే ఏదో ఒకటి అనేవాడివి.

రబ్బరు కొనడానికి వెళితే కొట్టువాడు "ఏ క్లాసు?" అని అడిగాడు. చెప్పకుండా కొన్నాను. రుద్దుతుంటే తెల్ల రబ్బరు పచ్చబడి, నల్లబడి, జిడ్డు ఉండలు ఉండలుగా రాలింది. రెండువైపులా రుద్దాను. పొడి గుడ్డతో తుడిచాను. కొక్కేలు టక్కుమన్నాయి. టైలరు వేసిన ముడి విప్పడం రాక, మానిటరు తీగని చుట్టగానే ఉంచి రెండు చివరలు లాగి తగిలించాను. బటన్ నొక్కితే ఒకే ఒక్క పొట్టి కూత. తెర వెలిగింది. కింద పెద్దాయన రొట్టెలు తీయడానికి పరిగెత్తిన చప్పుడు వినపడింది.

పరీక్షకి వారం కూడా లేదు. కమిటీ పిలిచి, టైలరు మీద తీర్మానం రద్దు చేసి, ఆ కాగితం పంపించి, ఆఫీసరమ్మని మళ్ళీ పిలవాలి. అది పద్ధతి. పద్ధతి ప్రకారం పోతే పరీక్ష అయిపోతుంది. డబ్బా, మానిటరు, కీబోర్డు బేకరీ తోపుడుబండి మీద పెట్టి, తీగలు మెడలో వేసుకుని టైలరు కొట్టుకి తోసుకెళ్ళాను. వీధిలో జనం "ఏంటి, వేలమా?" అన్నారు. పచ్చి రొట్టెలు తిన్నవాళ్ళు, అననీ.

టైలరు మిషను మీద ఉన్నాడు. నోట్లో గుండుసూదులు. వాటి సందుల్లోంచే అన్నాడు.

"తీర్మానం కాగితం ఏది?"

"లేదు."

"మరి ఎవరొప్పుకున్నారు?"

"ఎవరూ ఒప్పుకోలేదు."

సూదులు ఒక్కొక్కటే తీసి, మిషను పక్కన సూదులు గుచ్చే చిన్న మెత్తకి గుచ్చాడు. తర్వాత కత్తిరింపు బల్ల మీద గుడ్డంతా ఒక్క చేత్తో పక్కకి తోసి, "అయస్కాంతం ఇక్కడే ఉంది, ఏం చేద్దాం?" అన్నాడు.

"అది ఏమీ చేయదు. మీ తీగ ముడి విప్పలేకపోతున్నాను, కాస్త విప్పండి" అన్నాను.

విప్పాడు. లోపల్నుంచి ఆఫీసరమ్మ వచ్చింది. నా వైపు చూడలేదు. బల్ల ఎత్తు చూసింది, స్టూలు చూసింది, కాళ్ళ కింద పెట్టుకోవడానికి అట్టముక్కల కట్ట ఒకటి జరుపుకుని కూర్చుంది. తెర వెలిగాక మొదటి వరుసలోనే రెండు తప్పులు కనిపించాయి. "ఇన్నాళ్ళూ ఇవే కొడుతున్నానన్నమాట" అని దిద్దుకుంది. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు, నేనే విన్నాను.

నేను బండి తిప్పుతుంటే టైలరు వెనకనుంచి అడిగాడు. "ఇవాళ రాత్రికి ఆ పలక ఎవరి జేబులో?"

"దాని చోట దాన్ని ఉండనివ్వండి."

"ఇది ఏ కరపత్రంలో ఉంది?"

బండి తోసుకుంటూ వచ్చేశాను. ఖాళీ బండి చాలా చప్పుడు చేస్తుంది బావా.

అమ్ముడుపోయిన మనిషి అన్న మాట ఇంకా అక్కడే ఉంది. అయితే దాని మీద కాస్త రబ్బరు రుద్దాను. ఆ వెనక గదిలో సగం రబ్బరుతో లేచేవే అని తెలిసి కూడా కూర్చున్నావంటే, నిన్ను నేను తిట్టడం ఆపను. ఒక స్క్రూడ్రైవరు పట్టుకుని తిడతాను, రమ్మంటే వస్తాను.

నీ బావమరిది

*

తూకం ఆఫీసు, కిటికీ పక్క బల్ల

అన్నగారికి నమస్కారం.

మీరు నన్ను ఎరగరు. మీ బావమరిది మీ చిరునామా ఇచ్చాడు, ఇవ్వడానికి ముందు అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. మధ్యాహ్నం విరామంలో ఈ ఉత్తరం కొడుతున్నాను. చేత్తో రాయొచ్చు, కొట్టాలనిపించింది.

కుర్చీ వచ్చింది. దానికి ఒక కాలు పొట్టి, అట్టముక్క పెట్టాను. నా కాళ్ళ వాపు తగ్గలేదు, వెంటనే తగ్గదన్నారు.

మీ కంప్యూటరు మళ్ళీ బేకరీ మీదికి వెళ్ళింది. మా అన్నని కమిటీలోకి రమ్మని మీ బావమరిది మూడుసార్లు వచ్చాడు. కాలరు కొలత ఇస్తేనే వస్తానని మా అన్న పట్టుబట్టాడు, మీ బావమరిది వేసుకునే ఆ చొక్కా చూడలేక. ఇచ్చాడు. మొదటి సమావేశంలోనే మీ బావమరిది కొత్త నియమం చదివాడు, డబ్బా మూత విప్పాలంటే ముగ్గురూ ఉండాలట. "దుమ్ము దులపాలంటే ఎంతమంది?" అని మా అన్న అడిగాడు. పెద్దాయన అప్పటికే కళ్ళు మూసుకుని వింటున్నాడు. షెడ్డు నుంచి ఇంకో ఇద్దరు నేర్చుకోవడానికి వస్తున్నారు. షెడ్డులో వాళ్ళకీ పేర్లు పెట్టేశారు.

రబ్బరు సంగతి చెప్పినందుకు రాద్దామనుకుని కూర్చున్నాను. ఇంతలో ఒక పని తగిలింది, అది కూడా చెప్పి ముగిస్తాను. ఇప్పుడే షెడ్డు మేనేజరు తూకం చీటీ కోసం కిటికీ దగ్గరికొచ్చాడు, తొందరగా కావాలన్నాడు. నేను తలెత్తకుండా, "ఒక్క నిమిషం నిలబడండి సార్" అన్నాను.

ఇంకా నిలబడే ఉన్నాడు. ఉంటాను.